బుడమేరు తగ్గాక సాక్ష్యం చెప్పమన్నారు

విజయవాడను ముంచిన 2024 సెప్టెంబరు బుడమేరు వరద తీసి, ఇళ్లు కాస్త ఒక కొలిక్కి వస్తున్న రోజుల్లో మా సంఘంలో కృతజ్ఞత కూడిక పెట్టారు. దేవుడు తమకు చేసిన మేలు గురించి అందరి ముందూ సాక్ష్యాలు చెప్పేవాళ్ల పేర్లు పాస్టర్ గారు ముందే రాసుకున్నారు. అందులో నా పేరు కూడా ఉంది. "టీచరమ్మా, నువ్వు మాట్లాడగలవు. ఐదు నిమిషాలు చాలు" అన్నారు. సరేనని వచ్చేశాను. బడిలో పొద్దస్తమానం మాట్లాడే దాన్ని, ఐదు నిమిషాలు ఒక లెక్కా అనుకున్నాను. తీరా రాయడానికి కూర్చుంటే మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను.

మాది విజయవాడ సింగ్ నగర్ వైపు. అద్దె ఇల్లు, గ్రౌండ్ ఫ్లోర్. మా ఆయన ఆటో నడుపుతారు, నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని, అమ్మాయి ఇంటర్. మా అమ్మ మా దగ్గరే ఉంటుంది.

ఆగస్టు 31 శనివారం వాన తెరిపి ఇవ్వలేదు. మొగల్రాజపురంలో కొండరాళ్లు ఇళ్ల మీద పడి మనుషులు చనిపోయారని టీవీలో చూపిస్తుంటే "అయ్యో పాపం" అనుకుంటూ అన్నాలు తిన్నాం. మర్నాడు నెలలో మొదటి ఆదివారం, మాకు ప్రభు బల్ల, రొట్టె ద్రాక్షరసం పంచుకునే ఆరాధన. తెల్లచీర ఇస్త్రీ చేసి కుర్చీ మీద వేసి పడుకున్నాను. రేపు ఏమి సంభవించునో మీకు తెలియదు అని యాకోబు పత్రికలో ఉన్న మాట మా ఇళ్లల్లో అందరికీ కంఠతా వచ్చు. "ప్రభువు చిత్తమైతే వస్తాం" అని పెళ్లి పిలుపులకు కూడా అంటాం. నోటికి అలవాటైన మాటే తప్ప, దాని బరువు ఎప్పుడూ మోయలేదు.

తెల్లారేసరికి వాకిట్లో నీళ్లు. వీధి కాలవ పొంగిందిలే, మధ్యాహ్నానికి తీస్తుంది అనుకున్నాం. బుడమేరు ఊళ్లోకి వస్తోందన్న ఆలోచన మా వీధిలో ఎవరికీ రాలేదు. గుమ్మం దాటిన నీళ్లు మంచం కోళ్లు మునిగేదాకా నెమ్మదిగా వచ్చాయి, ఆ తర్వాత తొందర పెట్టాయి. పై వాటాలో ఉండే ఓనరు మామ్మగారు మెట్ల మీద నిలబడి "సామాన్లు తగలబడనీ, ముందు పెద్దావిణ్ణి పైకి తీసుకురండి" అని కేకలు. అమ్మ మాత్రల సంచి, అమ్మాయి సర్టిఫికెట్ల ఫైలు, రెండు ఫోన్లు. అవే మాతో పైకి వచ్చాయి. మిగతావన్నీ కిందే.

మా ఇంట్లో టీవీ పైన గోడకు వాగ్దాన కార్డు ఉండేది. మా సంఘంలో డిసెంబరు 31 రాత్రి ఆరాధన అయ్యాక కొత్త సంవత్సరానికి ఇంటికొక వాగ్దానం తీసుకుంటాం. ఆ ఏడు మాకు వచ్చింది యెషయా 43వ అధ్యాయంలోది: నీవు జలములలో బడి దాటునప్పుడు నేను నీకు తోడై యుందును, నదులలో బడి వెళ్లునప్పుడు అవి నీమీద పొర్లిపారవు. మేడ మెట్ల మీద కూర్చుని కిటికీలోంచి కిందికి చూస్తే టీవీ లేదు, కార్డు లేదు, నల్లటి నీళ్లే. మా అమ్మాయి నా పక్కన కూర్చుని మెల్లగా అడిగింది: "మమ్మీ, మన వాగ్దానం అదే కదా?"

నేను "తర్వాత మాట్లాడుకుందాం" అన్నాను. అది వెటకారంగా అడగలేదు. పదహారేళ్ల పిల్ల, నిజంగానే తెలుసుకుందామని అడిగింది.

పైన రెండు గదుల్లో మూడు కుటుంబాల వాళ్లం సర్దుకున్నాం. కరెంటు లేదు, సిగ్నల్ లేదు. మంచినీళ్ల సీసా గ్లాసులతో కొలుచుకుని తాగాం. ఫ్లైఓవర్ దాకా సాయం వస్తోందట, లోపలికి రావడం లేదట అన్న మాట వినబడేది. తర్వాత పడవలు వచ్చాయి, హెలికాప్టర్లు, డ్రోన్లు పొట్లాలు వేశాయి. కొందరు ప్రైవేటు పడవల వాళ్లు మనిషికింత అని అడిగారని కూడా విన్నాం. ఆ మధ్యలోనే 7వ తేదీన వినాయక చవితి వచ్చింది. పత్రి లేదు, విగ్రహం లేదు. కింద కావలసినంత మట్టి ఉంది కానీ అది మురుగు మట్టి అని మామ్మగారు పసుపు ముద్దతో వినాయకుణ్ణి చేసి పెట్టుకున్నారు. ఆవిడ పూజ అయ్యాక ఆ గదిలోనే మాకు కాస్త చోటు ఇచ్చి, "మీ ప్రార్థన మీరు చేసుకోండమ్మా, దీపం ఉంది కదా" అన్నారు. బైబిలు కింద ఉండిపోయింది. అమ్మ నోటికి వచ్చిన కీర్తనే చెప్పింది: "దేవా, జలములు నా ప్రాణముమీద పొర్లుచున్నవి, నన్ను రక్షింపుము."

పొర్లిపారవు అని ఒక చోట. పొర్లుచున్నవి అని ఇంకో చోట. రెండూ ఒకే గ్రంథంలో ఉన్నాయి. నా ఆలోచన మొదలైంది అక్కణ్ణుంచే.

నీళ్లు తీశాక కింద తలుపు తెరుచుకోలేదు. చెక్క ఉబ్బిపోయింది, లోపల ఫ్రిజ్ అడ్డం పడింది. మా ఆయన, మామ్మగారి అబ్బాయి భుజాలతో తోసి తెరిచారు. ఆ వాసన గురించి ఎంత రాసినా తక్కువే. పప్పు డబ్బాల్లో మినప్పప్పు నాని, పులిసి మూతలు తన్నేసింది. పరుపు నలుగురు పట్టినా లేవలేదు. ఫైరింజన్లు వచ్చి వీధులూ ఇళ్లూ నీళ్లతో కొట్టాయి కానీ, మూలల్లో పట్టిన ఒండ్రు చేత్తో గీకాల్సిందే. చీపురు పనికిరాదు, రేకు ముక్కతో గీకి, బకెట్లకెత్తి, బ్లీచింగ్ చల్లి, మళ్లీ గీకాలి. ఇస్త్రీ చేసి పెట్టుకున్న తెల్లచీర కుర్చీ కాలికి చుట్టుకుని దొరికింది. గుడ్డ పేలికలకు కూడా పనికిరాలేదు.

బైబిలు మటుకు దొరికింది. అమ్మ పెళ్లికి ఇచ్చిన పాత బైబిలు, ఇటుకలా బరువెక్కింది. అది ఆరబెట్టడం పెద్ద పని. ఆ కాగితం ఉల్లిపొరలా ఉంటుంది, తడి మీద విడదీస్తే చిరిగిపోతుంది, పూర్తిగా ఎండనిస్తే అట్టలా అంటుకుపోతుంది. సగం ఆరాక పౌడరు చల్లుకుంటూ, దువ్వెన పన్ను సందులో దూర్చి, ఒక్కో పేజీ లేపుతూ పోయాను. ముందు పేజీల్లో మా ఇంట్లో వాళ్ల పుట్టిన తేదీలు, పోయిన తేదీలు రాసి ఉంటాయి. ఇంకు పెన్నుతో రాసినవన్నీ నీలం మరకైపోయాయి. బాల్ పెన్నుతో రాసినవి నిలిచాయి. అలా మా తాతయ్య పుట్టిన తేదీ పోయింది, నా పెళ్లి తేదీ మిగిలింది. ఏది నిలుస్తుందో ఏది పోతుందో అనడానికి అందులో పుణ్యం, పాపం ఏమీ లేవు, ఏ పెన్ను చేతికొస్తే దానితో రాశారు, అంతే.

ఇక మనుషుల మాటలు. శుభ్రం చేస్తుంటే పలకరించడానికి వచ్చేవాళ్లు ఊరికే వచ్చేవాళ్లు కాదు, ఒక కారణం పట్టుకొచ్చేవాళ్లు. "అంత్యదినాల సూచనలమ్మా, మత్తయి 24 చదువు" అని ఒకరు. "ఈ ఊరి పాపం పండింది" అని ఇంకొకరు. ఒక పెద్దాయన అయితే "మన విశ్వాసులు కూడా చల్లారిపోయారు, అందుకే దేవుడు కుదిపాడు" అని బురదలో నిలబడి చెప్పి, చెప్పులు కడుక్కుని వెళ్లారు. ఆయన ఇల్లు పటమట వైపు, అక్కడికి చుక్క నీరు రాలేదు.

నాకు ఆ మాటలు గొంతు దిగలేదు. ఎందుకంటే నీళ్లు ఎలా వచ్చాయో అప్పటికే అందరికీ తెలుసు. బుడమేరు మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేట్లో కలిసే ఏరు. ఊరి మీదికి రాకుండా వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర మళ్లించి, డైవర్షన్ కాలువ ద్వారా కృష్ణలోకి పంపుతారు. ఆ కాలువ గట్టుకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. పోనీ కృష్ణలోకి వెళ్దామంటే అదీ నిండుగా ఉంది, ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు, అంతకుముందెప్పుడూ చూడని వరద. ఏరు పారాల్సిన చోట ఏళ్ల తరబడి ఇళ్లు లేచాయి. మా వీధి కూడా పల్లమే. బెజవాడ దుఃఖదాయని అని బుడమేరుకు పాత పేరు ఉండనే ఉంది, 2005లోనూ ముంచింది. వాన దేవుడిచ్చిందే కావచ్చు, గట్లు కట్టాల్సింది, కాపాడాల్సింది మాత్రం మనుషులు. సైన్యం వచ్చి ఆ గండ్లు పూడ్చింది కూడా రాళ్లతో, ఇనుప బుట్టలతోనే. దేవుని ఉగ్రత అనేస్తే ఆ కాలువ గట్టు గురించి అడిగేవాడు ఉండడు. నాకు భక్తి తక్కువై ఈ మాట అనడం లేదు.

ఒక రాత్రి అమ్మను అడిగాను. అమ్మది దివిసీమ, నాగాయలంక దగ్గర ఊరు. 1977 నవంబరు 19 ఉప్పెన నాటికి పెళ్లి కాని పిల్ల. మా చిన్నప్పుడు ఆ సంగతి అడిగితే "ఉప్పెన వచ్చింది, పోయింది" అని తేల్చేసేది. ఈసారి మాత్రం చెప్పింది. శనివారం సాయంత్రం గాలి, చీకటి పడేలోగా సముద్రం తాటిచెట్టు ఎత్తున వచ్చి పడిందట. ఆమె తుమ్మచెట్టు పట్టుకుంది, ముళ్లు ఒళ్లంతా దిగినా వదల్లేదు. ఆ ముళ్లే చాలామందిని పట్టి ఆపాయి, బతికినవాళ్లనీ, శవాలనీ. పదివేల మందికి పైగా పోయారు. వాళ్ల పాక గుడి కొట్టుకుపోయింది, ఆ గుడిలో వాక్యం చెప్పే ఆయన, భార్య, పిల్లలు అందరూ పోయారు. రోజూ సారా తాగి భార్యను కొట్టే పక్కింటాయన బతికాడట.

"మరి నువ్వు ఏమనుకున్నావమ్మా?" అన్నాను.

"ఏమనుకుంటాను. అన్నం ఎవరు పెడతారా అనుకున్నాను" అంది. కాసేపాగి, "ఆ పాస్టరయ్య కంటే నేను మంచిదాన్నని ఎవరైనా అంటే నాకు ఒప్పుకోబుద్ధి కాదు" అంది.

మర్నాడు బైబిల్లో లూకా సువార్త 13వ అధ్యాయం తీశాను. అప్పటికి ఆ పేజీలు ఆరాయి. సిలోయంలో గోపురం కూలి పద్దెనిమిది మంది చచ్చారు కదా, వాళ్లు యెరూషలేములో ఉన్న మిగతావాళ్లందరికంటే అపరాధులనుకుంటున్నారా అని యేసు ప్రభువు జనాన్ని అడుగుతాడు. కాదని తనే చెబుతాడు. గోపురం ఎందుకు కూలిందో చెప్పడు. మా సండే స్కూల్లో ఈ భాగాన్ని అక్కడితో ఆపేసేవాళ్లం. నిజానికి ఆయన అక్కడ ఆగలేదు, మీరు మారుమనస్సు పొందకపోతే మీరూ అలాగే నశిస్తారు అంటాడు. ఓదార్పు కోసం చదివేవాళ్లకు ఆ మాట గట్టిగానే తగులుతుంది. నాకూ తగిలింది. కానీ ఆ వెంటనే అంజూరపు చెట్టు ఉపమానం ఉంది. మూడేళ్లుగా కాయని చెట్టును నరికెయ్యమని యజమాని అంటే, తోటమాలి "ఈ సంవత్సరము కూడ ఉండనిమ్ము" అని అడుగుతాడు, చుట్టూ తవ్వి ఎరువు వేస్తానంటాడు. ఈ రెండూ పక్కపక్కనే ఎందుకున్నాయో ఇన్నేళ్లు చదివినా పట్టించుకోలేదు. గోపురం కింద పడనివాళ్లకు మిగిలింది గొప్పతనం కాదు, ఇంకో సంవత్సరం గడువు. దాన్ని ఏం చేస్తారన్నదే ప్రశ్న. బతికి బయటపడ్డందుకు ఛాతీ విరుచుకోవడానికి ఆ అధ్యాయంలో చోటు లేదు.

ఇది నాకు బాగా నచ్చింది కానీ, సాక్ష్యానికి సరిపోదు. సాక్ష్యమంటే మా దగ్గర ఒక పద్ధతి ఉంది. కష్టం వచ్చింది, ప్రార్థించాం, దేవుడు కాపాడాడు, మహిమ ఆయనకే. చివర హల్లెలూయ. అలాగే రాసుకున్నాను మొదట. "ఇంత నీళ్లలోనూ మా కుటుంబంలో ఒక్క వెంట్రుకకు కూడా హాని కలగకుండా దేవుడు కాపాడాడు." రాసి, చదువుకుంటే కంటికి కనబడింది మా సంఘంలో చెల్లెలు ఒకామె. పేరు ఎందుకులెండి. వాళ్లు కండ్రిక వైపు ఉంటారు, గేదెలు పెట్టుకుని పాలు పోసేవాళ్లు. ఆ ఆదివారం తెల్లవారుజామున వాళ్లాయన కొట్టంలో గేదెల పలుపులు కోసెయ్యడానికి కొడవలి పట్టుకుని వెళ్లాడు. రెండు గేదెలు ఈదుకుంటూ బయటపడ్డాయి. ఆయన దొరికేసరికి నీళ్లు సగం తీశాయి.

ఆమె ఎప్పుడూ స్త్రీల వైపు రెండో వరసలో కూర్చుంటుంది. నేను మైకు పట్టుకుంటే నా ఎదురుగా ఆమే ఉంటుంది. ఒక్క వెంట్రుక అన్న మాట ఆమె మొహం చూసి అనగలనా? తమిళనాడులో సముద్రం ఒడ్డున ఉన్న వేళాంకణ్ణి మాత గుడి గురించి కూడా గుర్తొచ్చింది. 2004 డిసెంబరు 26 సునామీలో నీళ్లు గుడి దాకా వచ్చి లోపలికి రాలేదని ఎంతమంది ఎంత భక్తిగా చెప్పుకున్నారో. క్రిస్మస్‌కు వెళ్లి ఆ ఉదయం ఒడ్డున ఉన్న యాత్రికులు వందల్లో పోయారు. వాళ్లూ ఆ గుడికి వచ్చినవాళ్లే. గోడ నిలిచిన సాక్ష్యాలు చెప్పేటప్పుడు వాళ్ల ఇళ్లలో వాళ్లు ఎక్కడ కూర్చుని విన్నారో అని ఇప్పుడు అనిపిస్తుంది.

అందుకని కూడికకు ముందు ఆమె ఇంటికి వెళ్లాను. గోడలకు నీటి గీత ఇంకా ఉంది. కూర్చున్నాం. ఆమె టీ పెట్టబోతే వద్దన్నాను. విషయం చెప్పాను.

"చెప్పుకో అక్కా. నిన్ను కాపాడాడంటే నాకేం ఏడుపు లేదు" అంది. "కానీ మా ఆయన్ని ఎందుకు కాపాడలేదో మాత్రం నాకెవరూ చెప్పొద్దు. వచ్చినోళ్లంతా ఒక వాక్యం చెప్పి పోతున్నారు. సమస్తం మేలు కోసమే సమకూడి జరుగుతున్నాయంట. ఏం సమకూడిందో నాకు చూపించమను."

నేను ఏ వాక్యమూ ఎత్తలేదు. ఆమే మళ్లీ "ప్రార్థన మానలేదు అక్కా. కోపంగా చేస్తన్నా" అంది.

కోపంగా చేసే ప్రార్థనలు కీర్తనల్లో ఎన్ని ఉన్నాయో! ఎంతకాలం ప్రభువా, ఎందుకు దూరంగా నిలుచున్నావు అని. మా పాటల పుస్తకంలో మాత్రం స్తుతి పాటలే ఎక్కువ, ఆ కీర్తనలను ఎవరూ ఆరాధనలో ఎత్తుకోరు. నాకు అది లోటుగా అనిపిస్తుంది. ఏడ్చే మనిషికి గుడిలో పాడుకోవడానికి పాట ఉండాలి కదా.

కూడిక రోజు గుడికి కొత్తగా సున్నం వేశారు, లోపల ఆ వాసనే. కార్పెట్లు పోయాయి, అందరం నేల మీద గోనెపట్టాలు వేసుకుని కూర్చున్నాం. నాకు ముందు మాట్లాడినవాళ్లు మామూలుగానే చెప్పారు, తప్పేం లేదు, ఎవరి కృతజ్ఞత వాళ్లది. నా వంతు వచ్చేసరికి నిజంగా టెన్షన్ పట్టుకుంది. రాసుకున్న కాగితం మడిచి బైబిల్లో పెట్టేశాను.

మామ్మగారి గురించి మొదట చెప్పాను. మా దేవుణ్ణి నమ్మని ఇంట్లో మాకు చోటు దొరికిందని, ఆవిడ దీపం వెలుతురులో ప్రార్థన చేసుకున్నామని. ఒకరిద్దరు కదిలారు, పాస్టర్ గారు మాత్రం తల ఊపారు. తర్వాత వాగ్దాన కార్డు గురించి, మా అమ్మాయి అడిగిన ప్రశ్న గురించి చెప్పాను. దానికి నా దగ్గర జవాబు లేదని, తోడై ఉంటానన్న మాటను మాత్రం పట్టుకుని ఉన్నానని, ఆ తోడు మేడ మెట్ల మీద కేకలేసిన మనిషి రూపంలో వచ్చిందనుకుంటున్నానని అన్నాను. మా కుటుంబం బతికింది, బతకనివాళ్లు మాకంటే తక్కువవాళ్లు కాదు అన్నాను. అప్పుడు రెండో వరస వైపు చూడలేదు. చివరికి హల్లెలూయ అనలేదు, అమ్మ చెప్పిన 69వ కీర్తన మొదటి వచనాలు చదివి కూర్చున్నాను. నిలుక యియ్యని దొంగ ఊబి అన్న మాట దగ్గర వెనక నుంచి ఎవరో గట్టిగా ఏడ్చారు. ఆమె కాదు, నేను అస్సలు ఊహించని ఒక పెద్దాయన.

ప్రార్థన అయ్యాక కొందరు "బాగా చెప్పావమ్మా" అన్నారు. ఒకావిడ "సాక్ష్యంలో సందేహాలు చెప్పకూడదు, కొత్తవాళ్లు తొట్రిల్లుతారు" అంది. ఆ మాటలో కొంత న్యాయం ఉంది, ఆవిడతో వాదించలేదు. మా అమ్మాయి మాత్రం ఇంటికొస్తూ ఆటోలో "మమ్మీ, నా ప్రశ్న మైకులో చెప్పేశావేంటి" అని సిగ్గుపడింది. "మరి జవాబు?" అంటే "లేదన్నావుగా, ఓకే" అంది.

అప్పటికి నష్టం రాసుకునేవాళ్లు మా వీధి పూర్తి చేశారు. గ్రౌండ్ ఫ్లోర్ వాళ్లకు 25 వేలు, పై అంతస్తుల వాళ్లకు 10 వేలు అన్నారు. మాకు ఖాతాలో పడింది. ఆ చెల్లెలి పని మాత్రం ముడిపడలేదు. ఆధార్‌లో వాళ్లాయన ఇంటిపేరు ఒక రకంగా, మరణ ధ్రువీకరణ పత్రంలో ఇంకో రకంగా ఉందట, బ్యాంకు పాస్‌బుక్ నీళ్లలో పోయిందట. ఆమెకు చదువు రాదు, కాగితం చూస్తే భయం. సోమవారం బడికి సెలవు పెట్టి ఆమెతో వార్డు సచివాలయానికి వెళ్లాను. ఫారం నేను నింపాను, ఆమె వేలిముద్ర వేసింది. పేరు సరిచేయించుకోవడానికి అఫిడవిట్ తెమ్మన్నారు, నోటరీ దగ్గరికి వెళ్తే ఆయన భోజనానికి వెళ్లాడు. ఎదురుగా పాన్ షాపు అరుగు మీద కూర్చున్నాం. గేదెల్లో ఒకటి చూడితో ఉందని, ఈనితే దూడకు ఏం పేరు పెట్టాలో ఆలోచిస్తున్నానని ఆమె చెబుతూ ఉంది. నోటరీ వచ్చాక కాగితం మీద స్టాంపు వేయించుకుని మళ్లీ సచివాలయానికి బయల్దేరాం. అక్కడ సర్వర్ పనిచేయడం లేదు, రేపు రమ్మన్నారు. రేపు మా ఆయన ఆటోలో తీసుకెళ్తానన్నారు, ప్రభువు చిత్తమైతే.